తైమూరు గుడారంలో మగ్రిబ్ ఖాజీ

క్రీస్తు శకం 1401 జనవరి 10వ తేదీ, తెల్లవారుజాము. డమాస్కస్ నగరం కోట తలుపులన్నీ మూసి ఉన్నాయి. వెలుపల తైమూరు సేనలు విడిది చేసి ఉన్నాయి. లోపల జనం కంటి మీద కునుకు లేకుండా గడిపిన రాత్రి అది. ఆ వేళప్పుడు డెబ్బై ఏళ్లకు చేరువైన ఒక పెద్దమనిషి కోట గుమ్మం దగ్గరకు వచ్చి తనను బయటకు పంపించమని కావలివారిని అడిగాడు. తలుపు తీయడానికి వారు ఒప్పుకోలేదు. ఆఖరుకు తాళ్ల సాయంతో ఆయనను గోడ మీది నుంచి కిందికి దించారు. కింద తైమూరు అధికారి షా మలిక్ ఎదురుపడి, సవారీకి ఒక జంతువును ఇచ్చి, వెంట మనిషిని తోడిచ్చి పంపాడు. మగ్రిబ్ దేశపు అంగీ తొడుక్కున్న ఆ వృద్ధుడు తైమూరు గుడారం వైపు సాగిపోయాడు.

ఆయనే ఇబ్నె ఖల్దూన్. చరిత్ర చదివిన వారెవరికైనా ఈ పేరు పరిచితమే. మన మద్రసాలలోనూ, విశ్వవిద్యాలయాలలోనూ ఆయన గ్రంథం గురించి చెబుతారు. కాని ఆయన ఎలా బతికాడు, ఏమేం పోగొట్టుకున్నాడు, ఆ ఉదయం ఆ తాళ్లను పట్టుకుని ఎందుకు దిగవలసి వచ్చింది అన్నది మన ఇళ్లలో అంతగా ఎవరూ చెప్పుకోరు. ఈ శుక్రవారం ఆ సంగతులే చూద్దాం.

ఆయన పూర్తి పేరు వలీయుద్దీన్ అబ్దుర్రహ్మాన్ బిన్ ముహమ్మద్ ఇబ్నె ఖల్దూన్. హిజ్రీ 732 రమజాన్ మొదటి తేదీన, అంటే 1332 మే 27న ఉత్తర ఆఫ్రికాలోని ట్యూనిస్ నగరంలో పుట్టాడు. వంశ మూలం దక్షిణ అరేబియాలోని హద్రమౌత్. ముస్లింలు స్పెయిన్‌ను గెలిచిన తొలి రోజుల్లోనే పూర్వీకులు అక్కడికి వెళ్లి, ఇష్బీలియా అని అరబ్బులు పిలిచే సెవిల్ నగరంలో పేరున్న కుటుంబంగా స్థిరపడ్డారు. 1248లో కాస్టీల్ రాజు ఫెర్డినాండ్ ఆ నగరాన్ని పట్టుకున్నాడు. రానున్న ఆపదను ముందే పసిగట్టిన ఖల్దూన్ కుటుంబం అంతకు ముందే ఇల్లూ వాకిలీ వదిలి సముద్రం దాటి వచ్చేసింది. కనుక ఈ పిల్లవాడు పుట్టింది ట్యూనిస్‌లోనే అయినా, పెరిగింది మాత్రం చేజారిన ఒక నగరం జ్ఞాపకాల మధ్య.

తండ్రి రాజకొలువులు విడిచి విద్యకూ ఆరాధనకూ అంకితమైన మనిషి. ఇంట్లో ఖురాన్, హదీసు, ఫిఖహ్, అరబీ వ్యాకరణం, కవిత్వం అన్నీ నేర్పించారు. 1347లో మొరాకో సుల్తాను అబుల్ హసన్ ట్యూనిస్‌ను ఆక్రమించినప్పుడు వెంట ఎందరో పండితులను తీసుకొచ్చాడు. వారిలో ఆబిలీ అనే గురువు వద్ద ఈ కుర్రవాడికి తర్కం, గణితం, తత్వం మీద రుచి పుట్టింది. ఒక్కోసారి దండయాత్ర కూడా కొందరికి విద్యాదానం అవుతుంది, చిత్రమే!

మరుసటి సంవత్సరం మహమ్మారి వచ్చింది. ఆసియా నుంచి ఓడల్లో, సార్థవాహాల్లో ప్రయాణించిన ప్లేగు 1348లో ట్యూనిస్‌ను కబళించింది. యూరప్‌లోనూ, అరబ్ దేశాల్లోనూ ఊళ్లకు ఊళ్లే పాడుపడిన ఏడాది అది. ఇబ్నె ఖల్దూన్ తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ రోగానికే బలైపోయారు. గురువుల్లో అనేకులు పోయారు. పదహారేళ్ల వయసులో ఒక కుర్రవాడు తన ఇంటి నుంచి, తన మద్రసా నుంచి ఎన్ని జనాజాలు లేవడం చూశాడో మనం ఊహించుకోవలసిందే. తరువాత ఎన్నో ఏళ్లకు ఆయన తన గ్రంథంలో ఆ మహమ్మారి గురించి రాస్తూ, లోకం మొత్తం మారిపోయి కొత్తగా సృష్టించబడినట్లు అయిందనీ, అందువల్లనే ఈ మారిన లోకాన్ని మళ్లీ మొదటి నుంచి వర్ణించే చరిత్రకారుడు కావాలనీ అభిప్రాయపడ్డాడు. ఆయన కలం పట్టడానికి అసలు కారణం ఇక్కడే ఉందని మా నమ్మకం.

బతికి ఉన్న గురువులు మొరాకోకు తిరిగి వెళ్లిపోయారు. ఇరవై ఏళ్ల వయసులో ట్యూనిస్ దర్బారులో సుల్తాను పేరిట ఫర్మానాల మీద ముద్రావాక్యం రాసే ఉద్యోగం దొరికింది. ఆయనకది ఆనలేదు. అవకాశం చూసుకుని ఫెజ్ నగరానికి చేరుకున్నాడు. అక్కడి నుంచి ఇరవై ఏళ్లకు పైగా ఆయన జీవితం ఒక దర్బారు నుంచి ఇంకో దర్బారుకు పరుగే. ఒక సుల్తాను దగ్గర కార్యదర్శి, ఇంకొకరి దగ్గర ప్రధాని, మధ్యలో ఖైదీ. ఫెజ్ సుల్తాను అబూ ఇనాన్ కుట్ర అనుమానంతో 1357లో చెరసాలలో వేయిస్తే, ఆ సుల్తాను చనిపోయేదాకా, అంటే సుమారు ఇరవై ఒక్క నెలలు లోపలే ఉన్నాడు. ఆ రోజుల్లో ఉత్తర ఆఫ్రికాలో మూడు రాజవంశాలు ఒకదానినొకటి కొరుక్కుతింటున్నాయి. ఎవరు ఎప్పుడు గద్దెనెక్కుతారో, ఎవరి తల ఎప్పుడు తెగుతుందో తెలియదు. ఇబ్నె ఖల్దూన్ కూడా గాలివాటు చూసి పక్షాలు మార్చినవాడే. మహనీయుల జీవితాలు రాసేటప్పుడు ఇలాంటివి దాచిపెట్టడం ఒక ఆనవాయితీ. కాని ఆయనే తన ఆత్మకథలో దాచలేదు, మనమెందుకు దాచాలి?

ఫెజ్ దర్బారులో జరిగిన ఒక ముచ్చట మాత్రం చెప్పుకుని తీరాలి. ఎందుకంటే అందులో మన దేశం ఉంది. లోకమంతా తిరిగి వచ్చిన ఇబ్నె బతూతా ఆ రోజుల్లో అక్కడే ఉండేవాడు. ఢిల్లీ సుల్తాను ముహమ్మద్ బిన్ తుగ్లక్ గురించి కథలు కథలుగా చెప్పేవాడు. సుల్తాను ప్రయాణమై వెళ్లేటప్పుడు నగరవాసులందరికీ ఆరు నెలల భత్యం పంచిపెడతాడనీ, తిరిగి వచ్చే రోజున ఏనుగుల మీద చిన్న మంజనీకులు అమర్చి వెండి బంగారు నాణేల సంచులు జనం మీదికి విసిరిస్తాడనీ ఆయన చెబుతుంటే, సభలోని వారు చాటుగా నవ్వుకునేవారు, అబద్ధాలకోరు అనేవారు. (1323లో మన ఓరుగల్లును పట్టుకున్న ఉలుగ్ ఖాన్ తరువాత గద్దెనెక్కి ఈ ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయ్యాడన్నది పాఠకులకు తెలిసిందే.) కుర్రవాడైన ఇబ్నె ఖల్దూన్‌కూ అనుమానమే కలిగింది. వజీరు ఫారిస్ ఇబ్నె వద్రార్‌తో ఆ మాటే అన్నాడు. దానికి వజీరు ఒక కథ చెప్పాడు. ఒక వజీరు ఏళ్ల తరబడి ఖైదులో ఉన్నాడట. అతని కొడుకు ఆ ఖైదులోనే పెరిగాడు. అన్నంలోకి వచ్చే మాంసం దేనిదని కొడుకు అడిగితే, గొర్రెదని తండ్రి చెప్పేవాడు. గొర్రె ఎలా ఉంటుందో ఎంత వర్ణించినా, అది ఎలుకలాగే ఉంటుందా అని ఆ పిల్లవాడు అడిగేవాడట. పాపం, ఖైదులో వాడు చూసిన జంతువు ఎలుక ఒక్కటే!

చూడనిదల్లా అబద్ధం అనుకోవద్దని వజీరు బోధ. ఇబ్నె ఖల్దూన్ ఈ ముచ్చటను తన గ్రంథంలో ఎక్కించాడు. అయితే విన్నదల్లా నిజం అనుకోవడం అంతకంటే పెద్ద తప్పని కూడా ఆయన గట్టిగా అన్నాడు. ఈ రెండింటి మధ్య సరైన తూకం ఎక్కడ అన్నదే ఆయనను జీవితమంతా వెంటాడిన ప్రశ్న.

1362 చివరలో ఆయన స్పెయిన్‌లో మిగిలి ఉన్న ఏకైక ముస్లిం రాజ్యం గ్రెనడాకు వెళ్లాడు. సుల్తాను ఐదవ ముహమ్మద్, ఆయన వజీరు, మహాకవి లిసానుద్దీన్ ఇబ్నుల్ ఖతీబ్ ఘనంగా ఆదరించారు. 1364లో సుల్తాను దూతగా ఆయనను క్రైస్తవ రాజు పెడ్రో దగ్గరకు సెవిల్ పంపించారు. పూర్వీకుల ఊరు! వారు కట్టిన కట్టడాల ఆనవాళ్లు ఇంకా అక్కడ ఉన్నాయి. పెడ్రో ఆయన తెలివికి ముచ్చటపడి, తన కొలువులో ఉండిపోతే వంశపు ఆస్తిని తిరిగి ఇప్పిస్తానన్నాడు. ఇబ్నె ఖల్దూన్ మర్యాదగా తప్పుకున్నాడు. సుల్తాను నుంచి సుల్తానుకు మారడానికి వెనుదీయని మనిషి ఈ ఒక్క కొలువును మాత్రం కాదనుకున్నాడు. రాజు బహూకరించిన బంగారు కళ్లెపు కంచరగాడిదను తెచ్చి గ్రెనడా సుల్తానుకు సమర్పించాడు.

అక్కడా ఎక్కువ కాలం నిలవలేదు. బిజాయాలో ప్రధాని పదవి, ఆ సుల్తాను యుద్ధంలో చనిపోవడం, బిస్క్రాలో తలదాచుకోవడం, ఎడారి తెగల నుంచి సైనికులను కూడగట్టే పని. ఇవన్నీ వివరంగా రాస్తే ఈ పేజీ చాలదు. ఒక్క మాట చెప్పాలి. బెర్బెర్ కొండ తెగల దగ్గరకు స్వయంగా వెళ్లి పన్నులు వసూలు చేసినవాడు, ఎడారి అరబ్బుల గుడారాల్లో నెలల తరబడి గడిపినవాడు కాబట్టే, రాజ్యం అన్నది పైనుంచి ఎలా కనబడుతుందో, కింది నుంచి ఎలా కనబడుతుందో రెండూ ఆయనకు తెలుసు. 1374 ప్రాంతంలో మిత్రుడు ఇబ్నుల్ ఖతీబ్‌ను ఫెజ్ చెరసాలలో గొంతు నులిమి చంపేశారు. ఆయనను విడిపించాలని ఇబ్నె ఖల్దూన్ చేసిన ప్రయత్నం ఫలించలేదు. తరువాతి కాలంలో సొంత తమ్ముడు యహ్యా, ఆయన కూడా చరిత్రకారుడే, తిలిమ్సాన్ దర్బారు కుట్రల్లో హత్యకు గురయ్యాడు.

విసిగిపోయాడు. 1375లో భార్యాబిడ్డలతో సహా అవ్లాద్ ఆరిఫ్ అనే తెగ రక్షణలో, నేటి అల్జీరియాలోని ఖల్అత్ ఇబ్నె సలామా అనే కొండకోటకు చేరుకున్నాడు. నలభై మూడేళ్ల వయసు. దర్బారు లేదు, జీతం లేదు, పెద్ద గ్రంథాలయమూ లేదు. నాలుగేళ్ల పాటు అక్కడే ఉండి రాశాడు. ఆ కాలంలోనే 1377లో ఐదు నెలల్లో పూర్తి చేసినది ముఖద్దిమా, అంటే పీఠిక. తాను రాయబోయే ప్రపంచ చరిత్రకు ముందుమాటగా మొదలుపెట్టినది అసలు గ్రంథాన్నే మరుగుపరచేంత గొప్పదైంది.

ఏముంది అందులో? పాఠకులు కాస్త ఓపిక పట్టాలి, ఎందుకంటే ఇందులో విషయం చిక్కనిది. చరిత్ర అంటే రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు వరసగా అప్పజెప్పడం కాదని ఆయన వాదన. ఒక కబురు మన దగ్గరకు వస్తే, చెప్పినవాడు మంచివాడా కాదా అని మాత్రమే చూస్తే చాలదు. అసలు అలా జరగడం సాధ్యమేనా అని ముందు చూడాలి. ఉదాహరణకు హజ్రత్ మూసా (అలైహిస్సలాం) వెంట ఎడారిలో ఆయుధాలు పట్టగల బనీ ఇస్రాయీల్ మగవారు ఆరు లక్షల మందికి పైగా ఉన్నారని మస్ఊదీ వంటి పెద్ద చరిత్రకారులు రాశారు. ఇబ్నె ఖల్దూన్ లెక్కలు వేశాడు. అంతమంది ఒక మైదానంలో బారులు తీరితే ఒక చివర ఏం జరుగుతోందో ఇంకో చివరకు తెలుస్తుందా? అంతకంటే ఎంతో పెద్దదైన ఈరాన్ సామ్రాజ్యం ఖాదిసియ్యా యుద్ధానికి తెచ్చింది లక్షా ఇరవై వేల మందిని కదా! యాకూబ్ ప్రవక్త నుంచి మూసా ప్రవక్త వరకు ఉన్న కొద్ది తరాల్లో సంతతి అంతగా పెరుగుతుందా? పెద్దలు రాశారు కనుక నోరు మూసుకోవాలి అనలేదాయన. పెద్దల పట్ల అగౌరవమూ చూపలేదు. లెక్క చూపించాడు, అంతే.

రాజ్యాలు ఎందుకు లేస్తాయి, ఎందుకు కూలుతాయి అన్నది రెండో ప్రశ్న. ఎడారిలో, కొండల్లో కష్టపడి బతికే తెగలకు ఒకరికోసం ఒకరు ప్రాణమిచ్చే కట్టుబాటు ఉంటుంది. దానికి ఆయన పెట్టిన పేరు అసబియ్యత్. ఆ బలంతో వారు నగరాన్ని గెలుస్తారు. మొదటి తరానికి కష్టం గుర్తుంటుంది. రెండో తరం కష్టాన్ని చూసింది గాని సుఖానికి అలవాటు పడుతుంది. మూడో తరానికి సింహాసనం తాత సొత్తు మాత్రమే. ఒక్కో తరానికి నలభై ఏళ్ల చొప్పున, సుమారు నూట ఇరవై ఏళ్లలో ఒక రాజవంశం ముసలిదైపోతుందని ఆయన అంచనా. ఈ లెక్క అన్నిచోట్లా సరిపోదు. ఆటోమన్ సుల్తానులు ఆరు వందల ఏళ్లు ఏలారు. అయినా ఒకే ఇంట్లో తాత కష్టం, తండ్రి సంపాదన, మనవడి దుబారా చూసినవారికి ఆయన మాట వింతగా తోచదు.

పన్నుల గురించి ఆయన రాసినది ఇంకా ఆశ్చర్యం. రాజ్యం కొత్తలో పన్ను రేటు తక్కువ, రాబడి ఎక్కువ. ముసలితనంలో రేటు ఎక్కువ, రాబడి తక్కువ. ఎందుకంటే పన్ను తేలికగా ఉన్నప్పుడు జనం ఉత్సాహంగా పొలం దున్నుతారు, వ్యాపారం చేస్తారు. దర్బారు ఖర్చు పెరిగి పన్నులు బిగించిన కొద్దీ కష్టపడినా మిగిలేది ఏమిటని చేతులు ముడుచుకుంటారు. సుల్తానులు స్వయంగా వ్యాపారంలోకి దిగితే మామూలు వర్తకుడు మునిగిపోతాడని కూడా హెచ్చరించాడు. 1981లో అమెరికా అధ్యక్షుడు రీగన్ తన పన్ను తగ్గింపులను సమర్థించుకోవడానికి ఈ ట్యూనిస్ ముస్లిం పండితుడి పేరే ఎత్తాడు. ఆరు వందల ఏళ్లు గడిచిన తరువాత ఎక్కడి నుంచి ఎక్కడికి చేరిందో ఆ మాట! అయితే ఇబ్నె ఖల్దూన్ దృష్టి ధనవంతుల లాభం మీద కాదు, దర్బారు దుబారా మీద ఉందన్నది గమనించాలి.

పిల్లల చదువు గురించి కూడా ఒక అధ్యాయం ఉంది. విద్యార్థులను, ముఖ్యంగా పసివాళ్లను దండించి నేర్పితే వారి ఉత్సాహం చచ్చి, బద్ధకం, అబద్ధం, మోసం అలవడతాయని ఆయన రాశాడు. బెత్తం పట్టిన ఉస్తాదుల మధ్య పెరిగిన మన తరం వారికి ఇది 1377 నాటి మాట అంటే నమ్మబుద్ధి కాదు.

అలాగని ఆయన రాసినదంతా తలకెత్తుకోనక్కరలేదు. ఎడారి అరబ్బుల గురించి కొన్నిచోట్ల కటువుగా రాశాడు. నల్లజాతివారి గురించి ఆనాటి దురభిప్రాయాలనే తిరిగి రాశాడు. విన్నదల్లా నమ్మవద్దన్న మనిషి ఇక్కడ మాత్రం విన్నదే రాశాడు.

పుస్తకాలు సరిచూసుకోవడానికి ట్యూనిస్ తిరిగి వచ్చాడు. అక్కడి పెద్ద పండితుడు ఇబ్నె అరఫాకు ఈయనంటే గిట్టలేదు. సుల్తాను మళ్లీ దండయాత్రలకు వెంట రమ్మంటున్నాడు. ఇక చాలనుకుని 1382లో హజ్ పేరు చెప్పి అనుమతి తీసుకుని ఓడ ఎక్కాడు. మగ్రిబ్‌ను మళ్లీ ఆయన చూడలేదు.

కైరో ఆయన కళ్లు మిరుమిట్లు గొలిపింది. అల్ అజ్హర్‌లో పాఠం మొదలుపెడితే విద్యార్థులు గుమిగూడారు. మమ్లూక్ సుల్తాను బర్ఖూఖ్ 1384లో మాలికీ మజ్హబ్ ప్రధాన ఖాజీగా నియమించాడు. అక్కడి న్యాయస్థానాల తీరు చూసి ఆయన మండిపడ్డాడు. డబ్బు తీసుకుని సాక్ష్యం చెప్పేవారు, ఏ పక్షానికి కావలసిన ఫత్వా ఆ పక్షానికి రాసిచ్చే ముఫ్తీలు, దొంగ దస్తావేజులు. ఎవరి సిఫారసూ వినకుండా ఒక్కొక్కరినీ శిక్షించాడు. పెద్దవాళ్లంతా శత్రువులయ్యారు. ఈజిప్టు ఖాజీల దుస్తులు కట్టుకోకుండా ఇంకా మగ్రిబ్ అంగీయే వేసుకుంటాడని కూడా ఆయన మీద ఒక ఫిర్యాదు!

భార్యాబిడ్డలు మాత్రం ఇంకా ట్యూనిస్‌లోనే ఉన్నారు. ఆయన తిరిగి రావాలని అక్కడి సుల్తాను వారిని పంపకుండా ఆపి ఉంచాడు. బర్ఖూఖ్ స్వయంగా సిఫారసు లేఖ రాస్తే గాని అనుమతి దొరకలేదు. అందరూ ఓడ ఎక్కారు. ఇల్లు సిద్ధం చేసుకుని ఆయన కైరోలో ఎదురుచూస్తున్నాడు. దారిలో పెనుగాలికి ఆ ఓడ మునిగిపోయింది. భార్య, పిల్లలు, సామాను, అన్నీ సముద్రం పాలయ్యాయి. పదహారేళ్లప్పుడు ప్లేగు తల్లిదండ్రులను తీసుకెళ్లింది. యాభై రెండేళ్లప్పుడు సముద్రం సంసారాన్ని తీసుకెళ్లింది. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. రాజుల గురించి వేల పుటలు రాసిన మనిషి ఆత్మకథలో ఈ సంఘటనకు కేటాయించింది కొద్ది పంక్తులే. పదవి వదులుకోవాలనిపించిందనీ, సుల్తాను ఏమనుకుంటాడోనని తటపటాయించాడనీ మాత్రం తెలుస్తోంది. మరుసటి ఏడాది ఆ పదవి పోయింది. 1387లో హజ్‌కు బయలుదేరి మరుసటి ఏడు తిరిగి వచ్చాడు. ఖాజీ పదవి పోయినప్పటి నుంచి పద్నాలుగేళ్ల పాటు మళ్లీ దాని వైపు చూడలేదు. పాఠాలు చెప్పుకుంటూ, గ్రంథాన్ని దిద్దుకుంటూ గడిపాడు. 1389లో బర్ఖూఖ్‌ను గద్దె దింపిన తిరుగుబాటుదారులు అతనికి వ్యతిరేకంగా రాయించిన ఫత్వా మీద పండితులందరితో పాటు ఆయనా సంతకం పెట్టాడు. బర్ఖూఖ్ తిరిగి వచ్చాక ఖాన్‌ఖా పెద్దరికం కాస్తా ఊడింది.

ఇక డమాస్కస్ సంగతికి వద్దాం. 1398లో ఢిల్లీని నెత్తుట ముంచిన తైమూరు 1400 చివరలో సిరియా మీద పడ్డాడు. అలెప్పో నేలమట్టమైంది. బర్ఖూఖ్ అప్పటికి చనిపోయి, అతని కొడుకు ఫరజ్ అనే బాలుడు సుల్తానుగా ఉన్నాడు. సైన్యంతో పాటు ఖాజీలనూ, పండితులనూ వెంటబెట్టుకుని ఫరజ్ డమాస్కస్ చేరాడు. అప్పుడు పదవిలో లేని ఇబ్నె ఖల్దూన్‌నూ నచ్చజెప్పి తీసుకెళ్లారు. కొద్దిరోజుల చిన్నపాటి పోరాటాల తరువాత, కైరోలో తన మీద కుట్ర జరుగుతోందన్న పుకారు విని ఫరజ్ రాత్రికి రాత్రి అమీర్లతో సహా ఈజిప్టుకు వెళ్లిపోయాడు. నగరాన్ని, పండితులను, ప్రజలను తైమూరు ముందు వదిలేసి!

దిక్కులేని నగర పెద్దలు మద్రసాలో సమావేశమై అమాన్ అడుగుదామని నిర్ణయించుకున్నారు. హంబలీ ఖాజీ ఇబ్నె ముఫ్లిహ్ వెళ్లి మాట్లాడి వచ్చాడు. తైమూరు ఇబ్నె ఖల్దూన్ గురించి ఆరా తీశాడన్న కబురు కూడా తెచ్చాడు. ఆ రాత్రి నగరంలో లొంగిపోదామనే వారికీ వద్దనే వారికీ పెద్ద మసీదులో తగాదా జరిగింది. ఈ గొడవలో తన ప్రాణానికే ముప్పు వస్తుందేమోనని ఇబ్నె ఖల్దూన్‌కు భయం పట్టుకుంది. ఆ తెల్లవారే ఆయన తాళ్లు పట్టుకుని దిగింది.

గుడారంలో తైమూరు మోచేతి మీద ఆనుకుని ఉన్నాడు. మగ్రిబ్ మాలికీ ఖాజీ వచ్చాడని ప్రకటించారు. ఇబ్నె ఖల్దూన్ సలాం చేశాడు, చాచిన చేతిని ముద్దుపెట్టుకున్నాడు. ఖ్వారిజమ్‌కు చెందిన అబ్దుల్ జబ్బార్ అనే పండితుడు దుబాసీగా కూర్చున్నాడు. ఎక్కడి నుంచి వచ్చావు, ఎందుకు వచ్చావు అని మొదలై, మగ్రిబ్ నగరాలు ఎక్కడెక్కడున్నాయి, ఒకదానికొకటి ఎంత దూరం అనే ప్రశ్నలు వచ్చాయి. నోటిమాట చాలదు, ఆ దేశమంతా కళ్లకు కట్టినట్లు రాసివ్వమన్నాడు తైమూరు. అంతలో ఈజిప్టు నుంచి వచ్చిన షాఫయీ ఖాజీ బందీగా పడి ఉన్న సంగతి తలపుకొచ్చి ఇబ్నె ఖల్దూన్ గుండె జారింది. ఆయన చేసిన పని పొగడ్త. ముప్పై నలభై ఏళ్లుగా తమ దర్శనం కోసం ఎదురుచూస్తున్నానన్నాడు. అసబియ్యత్ సిద్ధాంతాన్ని వల్లించి, అంతటి బలం మరే రాజుకూ లేదన్నాడు. ప్రాణభయంతో చెప్పిన మాటలని ఆయనే ఒప్పుకున్నాడు. కాని పూర్తిగా అబద్ధం కూడా కాదని మాకు తోస్తుంది. రాజ్యాలు ఎలా పుడతాయో పుస్తకంలో రాసిన మనిషికి, అలా పుట్టిన రాజ్యమే ఎదుట కూర్చుంటే కుతూహలం కలగదా?

ముప్పై అయిదు రోజులు రాకపోకలు సాగాయి. ఆయన కన్ను ఏదీ వదలలేదు. తైమూరు కుడి మోకాలు పనిచేయదనీ, కొద్ది దూరమైతే కాలు ఈడ్చుకుంటూ నడుస్తాడనీ, దూరమైతే మనుషులు మోసుకెళతారనీ రాసిపెట్టాడు. 1941లో సమర్కందులో సోవియట్ శాస్త్రజ్ఞులు సమాధి తెరిచి ఎముకలు పరిశీలిస్తే కుడికాలి అవిటితనం నిజమేనని తేలింది. చూసింది చూసినట్లు రాయడమంటే అదీ!

కానుక లేకుండా దర్బారుకు పోకూడదని ఎవరో చెబితే బజారులో ఒక ఖురాన్ ప్రతి, ఒక మంచి జానమాజ్, బుర్దా కసీదా ప్రతి, నాలుగు పెట్టెల కైరో మిఠాయి కొని తీసుకెళ్లాడు. తైమూరు లేచి నిలబడి ఖురాన్‌ను తలకు ఆనించుకున్నాడు. మిఠాయి సభలోని వారందరికీ పంచాడు. ఆ అదను చూసి ఇబ్నె ఖల్దూన్ ఒక కోరిక కోరాడు. సుల్తాను వదిలి వెళ్లిన ఈజిప్టు గుమాస్తాలు, అధికారులు, ఖారీలకు ప్రాణభిక్ష పెట్టాలని. తైమూరు అమాన్ పత్రం రాయించి ఇచ్చాడు. తనకోసం కాక ఇతరుల కోసం ఆయన సాధించింది ఇదొక్కటే. అదే మనకు ఊరట.

నగరాన్ని మాత్రం ఎవరూ కాపాడలేకపోయారు. అమాన్ ఇచ్చిన నోటితోనే తైమూరు విపరీతమైన జరిమానాలు విధించాడు. పెద్దలను హింసించి డబ్బు గుంజారు. ఆపైన సైనికులను ఊరి మీదికి వదిలారు. ఇళ్లు తగలబడ్డాయి, ఆ మంటలు ఉమవీ జామా మసీదుకు అంటుకుని పైకప్పు సీసం కరిగి కారింది, గోడలు మాత్రం మిగిలాయి. చేతిపని తెలిసినవారిని సమర్కందుకు తోలుకుపోయారు. ఇదంతా ముస్లిం సైన్యం ముస్లిం నగరానికి చేసిన పని. ఆ ఘోరాన్ని ఘోరమనే రాశాడు ఇబ్నె ఖల్దూన్, అయితే తైమూరు శిబిరం దాటి వచ్చిన తరువాత.

అప్పుడు ఆయన రాసిచ్చిన మగ్రిబ్ వర్ణన సంగతేమిటి? పన్నెండు చిన్న కట్టలు. తైమూరు దాన్ని తన భాషలోకి మార్పించుకున్నాడు. సొంత దేశపు దారులను ఒక దండయాత్రికుడి చేతిలో పెట్టాడని నిందించవచ్చు. కైరో చేరాక మగ్రిబ్ సుల్తానుకు సుదీర్ఘమైన లేఖ రాసి, తాతార్లు ఎవరు, తైమూరు ఎలాంటివాడు అన్నది వివరించాడన్నది కూడా దీని పక్కనే పెట్టి చూడాలి. ఏది ఎక్కువ తూగుతుందో పాఠకులే తేల్చుకోవాలి.

వీడ్కోలు వేళ తైమూరు ఆయన కంచరగాడిద నచ్చిందని కొనబోతే, అమ్మను, తీసుకోండి అని ఇచ్చేశాడు. తిరుగు దారిలో దొంగలు ఒంటి మీది బట్టలతో సహా దోచుకున్నారు. ఎలాగో కైరో చేరాడు. కొన్నాళ్లకు తైమూరు దూత ఒకడు ఆ గాడిద ఖరీదు తెచ్చి ఇచ్చాడు. మన ఇబ్నె ఖల్దూన్ గట్టివాడు, ముందు తన సుల్తాను అనుమతి తీసుకుని, ఆ తరువాతే డబ్బు ముట్టుకున్నాడు!

ఆఖరి ఐదేళ్లలో ఖాజీ పదవి వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. శిష్యుడు మఖ్రీజీ ఆయనను ఆకాశానికెత్తాడు. మరో గొప్ప పండితుడు ఇబ్నె హజర్ అస్ఖలానీ ఆయన తీరును ఎండగట్టాడు. మరణం తరువాత ఆయన గ్రంథాన్ని శ్రద్ధగా చదివింది ఆటోమన్ తుర్కులు. 18వ శతాబ్దంలో పీరీజాదా తుర్కీలోకి అనువదించాడు. ఆ పైన ఫ్రెంచివారు వచ్చారు. 1830లో అల్జీర్స్‌ను ఆక్రమించిన తరువాత, బెర్బెర్ల చరిత్ర రాసిన ఆయన సంపుటాలను ఫ్రెంచి యుద్ధ మంత్రిత్వ శాఖ ఆదేశంతోనే అచ్చువేయించారు. గెలిచిన దేశపు ప్రజలను అర్థం చేసుకోవడానికట. ఆ అనువాదం చదివిన వలస పాలకులు అరబ్బులూ బెర్బెర్లూ పుట్టుకతోనే శత్రువులన్న వాదాన్ని అందులో నుంచి లాగి, విభజించి పాలించడానికి వాడుకున్నారు. తెగల కలయికతో రాజ్యాలు పుడతాయని రాసిన మనిషి పుస్తకానికి పట్టిన గతి ఇది. 20వ శతాబ్దంలో అరబ్ దేశాల పండితులు ఆ గ్రంథాన్ని మళ్లీ తమ చేతుల్లోకి తీసుకున్నారు. ట్యూనిస్‌లో ఆయన విగ్రహం నిలిచింది.

తైమూరు 1405 ఫిబ్రవరిలో చైనా మీదికి దండెత్తిపోతూ దారిలో చనిపోయాడు. ఇబ్నె ఖల్దూన్‌ను ఆరోసారి ఖాజీగా నియమించిన కొద్ది రోజులకే, హిజ్రీ 808 రమజాన్ 25న, అంటే 1406 మార్చి 17న కైరోలో కన్నుమూశాడు. పుట్టిందీ, పోయిందీ రమజాన్ నెలలోనే. బాబున్నస్ర్ దర్వాజా వెలుపల సూఫీల ఖబరస్తాన్‌లో ఖననం చేశారు. ఆ ఖబరస్తాన్‌లో ఆయన సమాధి ఏదో నేడు ఎవరూ చూపలేరు.